వచ్చలేదు అంటే తప్పేంటి?

బెంగళూరులో పెరుగుతున్న మా ఏడేళ్ల అమ్మాయి మొన్న పొద్దున గేటు దగ్గర నిలబడి "అమ్మా, బస్సు ఇంకా వచ్చలేదు" అంది. రాలేదు అనాలి అన్నాను. "వచ్చింది అన్నప్పుడు వచ్చలేదే కదా అనాలి, కన్నడంలో బంతు, బరలిల్ల, రెండిట్లోనూ బ ఉంది చూడు" అంది. నా దగ్గర సమాధానం లేదు. బస్సు వచ్చి కాపాడింది.

నిజానికి ఈ ప్రశ్న ఇంకో రూపంలో నన్ను చెన్నైలో కాపురం పెట్టిన కొత్తలోనే తగులుకుంది. ఎదురింటి మామి తలుపు తీసి "ఉళ్ళే వాంగ" అంటే చేతి సైగ చూసి లోపలికి వెళ్లానే గానీ మాట చెవికి ఎక్కలేదు. తమిళం మనకు చుట్టం భాష అంటారు, మరి ఉళ్ళేకీ లోపలికీ ఎక్కడ చుట్టరికం, వాంగకీ రండికీ ఏం పోలిక? తర్వాత ఇక్కడికి మారితే "ఒళగె బన్ని" అన్నారు. ఉళ్, ఒళ అక్కాచెల్లెళ్లలా ఉన్నాయి సరే, తమిళంలో వ ఉన్నచోట కన్నడంలో బ వస్తుంది, అదీ సరే. మన లో, మన రా మాత్రం ఎవరింటి పిల్లలో తెలియలేదు.

కిటుకు ఎక్కడుందంటే, తెలుగులో మాట మొదట్లో ఉన్న అచ్చు పక్కనున్న హల్లుని దాటి వెనక్కి దూకేసింది. ఉళ్‌కి వెనక ఒక అ చేరింది, ముందున్న ఉ దూకి వెళ్లి దాంతో కలిసి ఓ అయింది, అదే లో. తమిళంలో ఉరల్ అంటే మన రోలు, ఉలక్కై అంటే మన రోకలి. ఇ, అ కలిస్తే ఏ, కాబట్టి ఇరవు మన రేయి అయింది. అ, అ కలిస్తే ఆ, కాబట్టి అవన్ మన వాడు. పాత పుస్తకాల్లో వాఁడు అని అరసున్న పెడితే చాదస్తం అనుకునేదాన్ని, తీరా చూస్తే అది అవన్‌లోని నకారం పోతూ పోతూ వదిలిన గుర్తు. ఒంగోలులో పుట్టిన భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి తెలుగు క్రియల మీద 1961లో అచ్చయిన తన పుస్తకంలో ఇలాంటివన్నీ ఓపిగ్గా విప్పి చూపించారు.

ఇక రా సంగతి. వర్ అనే ధాతువుకి అదే దూకుడు జరిగితే వ్రా అవ్వాలి, ముందున్న వ కాస్తా ఊడిపోయి రా మిగిలింది, వ్రాయడం రాయడం అయినట్టే. వచ్చింది అన్నప్పుడు మాత్రం ఆ దూకుడు జరగలేదు, అందుకని వ క్షేమంగా ఉంది. మా పిల్ల పట్టుకున్నది సరిగ్గా ఈ అతుకునే.

అంటే పొట్టి మాట చాలాసార్లు అరిగిపోయిన పొడుగు మాట. ఇది తెలిశాక "కొరియాలో కూడా నాన్నని అప్పా అంటారు, కాబట్టి వాళ్లూ మనవాళ్లే" అనే వాట్సాప్ ఫార్వర్డులు చూస్తే నవ్వొస్తుంది. పసిపిల్లలు పెదాలు మూసి తెరిస్తే వచ్చేవి ఆ శబ్దాలే, ఎవరికి తోచినట్టు వాళ్లు వాడుకున్నారు. జార్జియన్ భాషలో మామ అంటే నాన్న! ఇంకా విచిత్రం ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో ఉంది. అక్కడి మ్బబరం అనే భాషలో కుక్కని దాదాపు డాగ్ అనే అనేవారు. ఇంగ్లీషు నుంచి ఎత్తుకొచ్చారేమో అనుకుంటాం కదా, అస్సలు కాదు. దాని చుట్టాల్లో యిడిన్య్ అనే భాషలో కుక్క గుడగ, మ్బబరంలో ముందు భాగం రాలిపోయి, వెనకా కొంచెం అరిగి, చివరికి ఆ రూపానికొచ్చింది. ఇంగ్లీషు డాగ్‌తో సంబంధం సున్నా.

అలాగని పోలికలన్నీ కాకతాళీయమే అనుకున్నా మోసపోతాం. ఫ్రెంచిలో నీళ్లని ఓ అంటారు, రాయడానికి మూడక్షరాలు, పలకడానికి ఒక్క అచ్చు. లాటిన్ ఆక్వా అరిగి అరిగి అలా తేలింది. స్వీడిష్‌లో ఏరుని కూడా ఓ అంటారు, అక్కడ రాతలోనూ ఒకటే అక్షరం. నార్వేలోని లోఫోటెన్ దీవుల్లో ఆ ఒక్క అక్షరమే పేరుగా ఒక ఊరు కూడా ఉంది, బోర్డుని టూరిస్టులు ఎత్తుకుపోతుంటారట. ఈ రెండు ఓ-లూ మాత్రం నిజంగానే బంధువులు, వేల ఏళ్ల కిందటి ఒకే మాటకి పుట్టినవి. చెవికి అతికినట్టున్న డాగ్ పరాయిది, అస్సలు పోలిక కనిపించని ఉళ్ళే మనది, ఇక ఈ ఓ-లు వింటానికీ ఒకటే, పుట్టుకకీ ఒకటే. చెవిని నమ్ముకుని ఏం తేలుస్తాం చెప్పండి?

సాయంత్రం బస్సు దిగాక మా అమ్మాయికి వర్, వ్రా, రా అంతా పేపర్ మీద రాసి చూపించాను. శ్రద్ధగా వింది. "అయితే వ పోవడం వాళ్ల తప్పు, నాది కాదు కదా" అంది. సరేలే గానీ అమ్మమ్మ ముందు మాత్రం వచ్చలేదు అనకు అన్నాను.