ఐదు ఊళ్ళు, ఒక కొండ, ఫారం-సి

మా కొండ మీదికి బోరు యంత్రం ఎక్కేదాకా అటవీ హక్కుల చట్టంలో సామూహిక హక్కు అనేదొకటి ఉందని మాలో చాలామందికి పట్టలేదు. ఆ చట్టం అంటే పోడు పట్టా, అంతే. ఇంటికి రెండెకరాలకో మూడెకరాలకో కాగితం వస్తే చాలనుకున్నాం. మిగతా అడవి ఎక్కడికి పోతుందిలే అన్న ధీమా.

ఊరి పేరు రాయడం లేదు. తూర్పు కనుమల్లో, ఉత్తరాంధ్ర వైపు అనుకోండి. కొన్ని దరఖాస్తులు ఇంకా కమిటీల ముందున్నాయి, పేర్లు బయటికి రావడం ఎవరికీ మంచిది కాదు.

యంత్రంతో వచ్చినవాళ్ళు మర్యాదగానే మాట్లాడారు. పగటిపూట సోలార్ కరెంటు మిగిలిపోయేటప్పుడు దాంతో లోయలోని నీటిని పైకి తోడతారట. చీకటిపడి కరెంటుకు గిరాకీ పెరిగాక ఆ నీటినే కిందికి వదిలి విద్యుత్తు తీస్తారట. కొండ నెత్తిన ఒక జలాశయం, కింద ఒకటి, రెండింటికీ మధ్య సొరంగం. ఇప్పుడు చేసేది రాతి పరీక్ష మాత్రమే అన్నారు. కరెంటు మాకూ కావాలి. ఇలాంటి ప్రాజెక్టులన్నీ పనికిమాలినవని నేననను. అయితే పై జలాశయానికి వాళ్ళు గీసుకున్న చోటే మా ఐదు ఊళ్ళ గెడ్డలు, అంటే కొండవాగులు, పుడతాయి. ఆ సంగతి వాళ్ళ కాగితాల్లో ఎక్కడా లేదు.

యంత్రం ఎక్కడానికి అడవిలో దారి తొలిచారు. లారీ పట్టేంత దారి, మనకు అదేమంత పెద్దదిగా కనపడదు. కానీ బెట్టుడుత నేలమీదికి దిగడం అరుదు. తిండి, గూడు, పిల్లల పెంపకం అన్నీ చెట్ల మీదే, కొమ్మ నుంచి కొమ్మకు దూకుతూనే. ఒకటి మద్దిచెట్టు చివరి కొమ్మదాకా వచ్చి, దారికి అవతలి చెట్టు అందక, తోక ఎగరేస్తూ అరిచి అరిచి వెనక్కి మళ్ళడం నిలబడి చూశాను. అవతల దాని మేడిపళ్ళున్నాయి.

ధర్నా చేద్దామని కుర్రాళ్ళన్నారు, చేశాం కూడా. పేపర్లో ఫోటో వచ్చింది. దాని విలువ దానికుంది, కానీ ఆఫీసులో ఎవరిని కదిపినా ఒకటే ప్రశ్న: "ఆ కొండ మీ ఊళ్ళదని మీ దగ్గర ఆధారం ఏముంది?" పక్క ఊళ్ళోని కోదు తెగ కుటుంబాలకు ఒడిశాలో చుట్టాలున్నారు. వాళ్ళ ద్వారా అక్కడి నియమగిరి కొండ కథ మాకు పాతదే. బాక్సైట్ తవ్వకం మీద తేల్చాల్సింది గ్రామసభలేనని 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పడం, ఆ వర్షాకాలంలో 12 ఊళ్ళు సభలు పెట్టి పన్నెండూ వద్దనడం మా వైపు సంతల్లో కూడా చెప్పుకున్నారు. అక్కడ కోర్టు ఆధారం చేసుకున్నది ఈ అటవీ హక్కుల చట్టాన్నే అన్న ముక్క మాత్రం మాకు ఆలస్యంగా తెలిసింది. చెప్పింది ఒక న్యాయవాది. ఆయనే చట్టం తెలుగు ప్రతి తెచ్చి 3(1)(ఐ) కింద పెన్సిల్‌తో గీత గీసి ఇచ్చారు. తరతరాలుగా కాపాడుకుంటూ వస్తున్న సామూహిక అటవీ వనరును సంరక్షించే, పునరుద్ధరించే, నిర్వహించే హక్కు. ఐదో సెక్షన్ ఇంకో అడుగు ముందుకేసి వన్యప్రాణులను, నీటి పుట్టుకలను, జీవవైవిధ్యాన్ని కాపాడే అధికారం గ్రామసభకు ఇస్తుంది.

ఈ సామూహిక హక్కుకు పట్టా వస్తే ప్రాజెక్టు ఆగిపోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. అడవిని వేరే పనికి మళ్ళించాలంటే గ్రామసభ సమ్మతి ఉండాలని కేంద్రం 2009లో ఉత్తర్వు ఇచ్చింది. 2022 అటవీ సంరక్షణ నిబంధనలు వచ్చాక ఆ బాధ్యతను రాష్ట్రం మీదికి, అనుమతి ఇచ్చేశాక చూసుకునే దశకు నెట్టారు. పట్టా వల్ల జరిగేది ఒకటే. "మీరెవరు?" అన్న ప్రశ్న మళ్ళీ పుట్టదు. మాకు అదే కావలసింది.

ఈ హక్కు కోసం గ్రామసభ పెట్టే దరఖాస్తు ఫారం-సి. చూస్తే ఇంతేనా అనిపిస్తుంది. ఊరు, పంచాయతీ, మండలం, జిల్లా. గ్రామసభ సభ్యుల జాబితా. పటం. తెలిస్తే అటవీ శాఖ కంపార్ట్‌మెంటు నంబరు. సరిహద్దు గ్రామాలు. సాక్ష్యాల జాబితా. ఇందులో సరిహద్దు గ్రామాల దగ్గర కుండలీకరణాల్లో ఒక వాక్యం ఉంది. వనరులను, బాధ్యతలను ఇతర గ్రామాలతో పంచుకునే వివరాలు కూడా ఇక్కడ చేర్చవచ్చని. చాలామంది ఆ గడిలో నాలుగు ఊళ్ళ పేర్లు రాసి వదిలేస్తారు. మా పనంతా ఆ వాక్యం మీదే నడిచింది. ఎవరి ఊరి ఫారం వాళ్ళు పెట్టాలి, కానీ కొండ నెత్తి మాత్రం ఐదు ఫారాల్లోనూ ఉమ్మడిగా కనపడాలి. కొండను ఐదు ముక్కలు చేసి ఇస్తే ఎలుగుబంటికీ, అలుగుకూ ఒరిగేదేమీ లేదు. ప్రాజెక్టువాళ్ళకు మాత్రం ఏ ముక్క దగ్గర సంతకం తేలిగ్గా దొరుకుతుందో వెతుక్కునే వీలు దొరుకుతుంది.

అధికారులతో పడ్డ పాట్లకన్నా మాలో మాకు పడ్డ పాట్లే ఎక్కువ. మా ఊరికీ గెడ్డ అవతలి ఊరికీ ఒక చింతతోపు మీద తాతలనాటి తగవుంది. చింతపండు ఎవరు దులుపుకోవాలన్నది పైకి చెప్పే కారణం. ఎప్పుడో చెడిపోయిన పెళ్ళి సంబంధం ఒకటి అడుగున ఉందని పెద్దవాళ్ళు గొణుగుతారు. సంప్రదాయ సరిహద్దు మీద పేచీ వస్తే ఆ ఊళ్ళ అటవీ హక్కుల కమిటీలు కలిసి కూర్చుని తేల్చాలని నిబంధనల్లోనే రాశారు. కూర్చున్నాం. మా పెదనాన్న తోపు మనదేనని లేచి వెళ్ళిపోయాడు. మళ్ళీ పిలిచి కూర్చోబెట్టాం. చివరికి దారికి తెచ్చింది అవతలి కమిటీ అధ్యక్షురాలు, నాకు వరసకు అత్త.

"మా చింతచెట్టు మీ పటంలో ఉంటే నాకు పోయేదేమీ లేదు అల్లుడూ. బోరువాళ్ళ పటంలో ఉంటే పోతుంది. రెండు పటాల్లోనూ వెయ్యి, ఏడాది మీరు దులుపుకోండి, ఏడాది మేం" అంది.

పెదనాన్న వేలిముద్ర వేశాడు, మొదటి ఏడాది మాదే అన్న షరతు మీద.

పటం కోసం సరిహద్దు తిరగడమే ఈ మొత్తంలో నాకు బాగా నచ్చిన పని. ముందు పెద్దవాళ్ళు నడుస్తారు, వెనక కుర్రాళ్ళు ఫోనులో జీపీఎస్ బిందువులు పెట్టుకుంటూ వస్తారు. చట్టం అడిగేది గుర్తుపట్టగల ఆనవాళ్ళు. సర్వేరాళ్ళే కానక్కర్లేదు. దుంపలు తవ్వుకునే చోటు, అడ్డాకులు కోసే వాలు, పశువులు నీళ్ళు తాగే మడుగు, కొండదేవర చెట్టు, పాత శ్మశానం, ఇవన్నీ 13వ నిబంధన కింద సాక్ష్యాలే. పెద్దల వాంగ్మూలాన్ని రాసి పెట్టినా సాక్ష్యమే. ఒక బండకు, ఒక మలుపుకు, ఒక ఎండిన ఊటకు కూడా పేర్లున్నాయి. ఆ పేర్లలో సగం నాకే తెలియవు, నేను పుట్టి పెరిగింది అక్కడే.

గెడ్డ వెంట పైకి పోతుంటే అత్త ఒక రాతి చూరు కింద వంగమంది. టార్చి వేసి చూస్తే కప్పుకూ గోడకూ అతుక్కుని తెల్లని గుండ్రటి గుడ్లు, పక్కపక్కనే, డజన్లకొద్దీ. కొన్ని పగిలిన పెంకులు, కొన్ని నిండు గుడ్లు. కాసేపటికి చీలికలోంచి పసుపురంగు బల్లి ఒకటి తల బయటపెట్టింది. బంగారు బల్లి. 1870లో బెడ్డోమ్ అనే ఆయన శాస్త్రానికి పరిచయం చేసింది దీన్నే. ఆ తర్వాత ఎన్నో దశాబ్దాలు శాస్త్రజ్ఞుల కంట పడకుండా ఉండి, 1980లలో తిరుమల కొండల్లో మళ్ళీ దొరికింది. చాలా ఆడబల్లులు ఒకేచోట గుడ్లు అతికిస్తాయి, ఏళ్ళ తరబడి అదే రాయిని వాడుకుంటాయి. తేమ ఉన్న రాతి గుహ, దగ్గర్లో నీరు, ఇవి ఉన్నచోటే ఎక్కువగా కనపడతాయి. అత్తకు బెడ్డోమ్ తెలియదు. "ఈ రాయి దగ్గర మంట వేయకూడదని మా అమ్మ చెప్పేది" అంది. ఆ మాటను తేదీతో సహా వాంగ్మూలంగా రాసుకున్నాం. కాపాడుతూ వచ్చామనడానికి అంతకు మించిన రుజువు నాకు కనపడలేదు.

అడవిని కాపాడుతున్నామని రాస్తున్న మేమే చైత్రంలో ఇటుకల పండుగకు వేటకు పోతాం. దాన్ని దాచేసి, అడవితల్లి బిడ్డలం అని నాలుగు తీపిమాటలు రాసుకుందామని ఒకరన్నారు. నాకు అలాంటి రాతలంటే ఒళ్ళుమంట. మీటింగులో పెద్ద రభసే అయింది. పండుగ మానడం కుదరదని వృద్ధులు, వేట 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరమని చదువుకున్న పిల్లలు. తేలినదేమిటంటే పండుగ జరుగుతుంది, కొండెక్కడం ఉంటుంది, బాణం మాత్రం బూరుగు మొద్దుకు గురిపెట్టాలి. జంతువును కొట్టినవాడికి ఏ ఊరివాడైనా సరే ఐదు ఊళ్ళ కమిటీ తప్పు వేస్తుంది. అందరూ మనస్ఫూర్తిగా ఒప్పుకున్నారని చెప్పను. ఒప్పుకోనివాళ్ళు మా ఊళ్ళోనే ఉన్నారు.

గిరినాగు (రాచనాగు) విషయంలో ఇంత గొడవ కాలేదు. కనపడితే కర్ర అందుకోవడం మా దగ్గర మామూలు. అది ముఖ్యంగా ఇతర పాముల్ని తిని బతుకుతుందని, ఆడది ఎండాకులు కుప్పచేసి గూడు కట్టి గుడ్లకు కాపలా ఉంటుందని కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే మాస్టారు వచ్చి బొమ్మలు చూపించారు. అది గూడు కట్టేదీ, మేం పోడుకు నిప్పు పెట్టేదీ ఎండాకాలంలోనే. అందుకని వెదురు పొదల వైపు నిప్పు పెట్టకూడదనీ, ఫాల్గుణం రాకముందే కొండ చుట్టూ ఆకు ఊడ్చి అగ్గిబాట తీయాలనీ తీర్మానంలో చేర్చాం. ఇంటికొక మనిషి, కూలి లేదు.

గ్రామసభ తేదీ కుదరడం దానికదే ఒక కథ. మొత్తం సభ్యుల్లో సగానికి తగ్గకుండా రావాలి, వచ్చినవాళ్ళలో మూడోవంతు ఆడవాళ్ళుండాలి. కాఫీ పళ్ళు కోసే రోజుల్లో ఆడవాళ్ళు దొరకరు, సంత రోజున ఎవరూ దొరకరు. సంతకాలు, వేలిముద్రలు తీర్మానం పుస్తకంలోనే, అదే సభలో తీసుకోవాలి. తర్వాత ఇళ్ళకు తిరిగి తీసుకున్న కాగితం కమిటీ ముందు నిలవదు.

క్షేత్ర పరిశీలనకు అటవీ, రెవెన్యూ శాఖలకు రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకున్నాం. ఈ ముద్రను తేలిగ్గా తీసుకోవద్దు. వాళ్ళు రాకుండా ఉండి, "మేం లేనప్పుడు చూశారు" అని తర్వాత అభ్యంతరం పెడితే పైకమిటీ మళ్ళీ పరిశీలనకు పంపవచ్చు. రెండోసారీ రాకపోతే గ్రామసభ తేల్చిందే ఖరారు. మొదటిసారి ఎవరూ రాలేదు. రెండోసారి వచ్చారు, అందులో ఒక గార్డు మాకన్నా హుషారుగా కొండెక్కి, మేం వదిలేసిన ఒక ఊటను కూడా పటంలో పెట్టించాడు.

సబ్ డివిజన్ కమిటీ నుంచి ఫైళ్ళు తిరిగొచ్చాయి. రిజర్వు ఫారెస్టులో ఇవ్వడం కుదరదన్నారు. చట్టం రిజర్వు ఫారెస్టుకే కాదు, అభయారణ్యాలకూ వర్తిస్తుందని సెక్షన్ చూపించాం. పంచాయతీ మొత్తానికి ఒకే దరఖాస్తు పెట్టమన్నారు. మా పంచాయతీలో చెదురుమదురుగా ఎన్నో గూడేలున్నాయి. షెడ్యూల్డ్ ప్రాంతంలో, అంటే ఆదివాసుల కోసం ప్రత్యేకంగా ప్రకటించిన ప్రాంతంలో, ఆవాసానికి ఆవాసమే గ్రామసభ అని బదులిచ్చాం. అటవీ శాఖ చేతికింద నడిచే వన సంరక్షణ సమితి పేరు మీద తీసుకుంటే త్వరగా అయిపోతుందని ఒక సలహా వచ్చింది. గతంలో ఉమ్మడి రాష్ట్రంలో అలా సమితుల పేరుతో పట్టాలు ఇచ్చారు, హక్కు మాత్రం గ్రామసభది. అలాంటి తొందర మాకొద్దన్నాం. మీరు కూడా ఎవరైనా నోటిమాటగా కాదంటే వెనుదిరగకండి. సాక్ష్యం చాలకపోతే తిరస్కరించకుండా గ్రామసభకు తిప్పి పంపాలి, అదీ కారణాలు రాసి. ఆ కాగితం అడిగితేనే సగం అభ్యంతరాలు మాయమయ్యాయి.

మూడు ఊళ్ళకు పట్టాలొచ్చాయి. మూడింటిలోనూ ఉమ్మడి కొండ నెత్తి ఉంది, చింతతోపు మా రెండు ఊళ్ళ పటాల్లోనూ ఉంది. యంత్రం దిగిపోయింది, ప్రాజెక్టు ఆగిందని మాత్రం ఎవరూ రాసి ఇవ్వలేదు. నాలుగో ఊరి ఫైలు జిల్లా కమిటీ దగ్గరుంది. ఐదో ఊరు షెడ్యూల్డ్ ప్రాంతం గీతకు అవతల పడింది, అక్కడ ఈ చట్టం చెల్లదని ఒక ఆఫీసులో అన్నారట. అటవీ హక్కుల చట్టానికి ఆ గీతతో పని లేదు. వచ్చే విచారణకు మూడు ఊళ్ళ పట్టాల నకళ్ళు పట్టుకుని అత్త, నేను, ఆ ఊరి కమిటీవాళ్ళు కలిసి వెళుతున్నాం.