భోజనాల పందిరి నుంచే మొదలుపెడదాం

ఒడిశాలోని పర్లాకిమిడిలో మా వీధి వంటి తెలుగు వీధుల్లో పర్యావరణం ప్రస్తావన వస్తే, బజారుకు గుడ్డసంచీ పట్టుకెళ్లమనీ, అక్కరలేని దీపాలు ఆర్పమనీ చెప్పి ఊరుకుంటారు. అవి మంచి మాటలే. కాని ఒక ఇల్లు ఏడాది పొడుగునా పారేయకుండా జాగ్రత్తపడిన ప్లాస్టిక్కు, ఒక్క పెళ్లిభోజనం ముగిసేసరికి పందిరి వెనుక గుట్టపడుతుంది. అందుచేత వీధి మారాలంటే ముందుగా వడ్డన మారాలన్నది నా అభిప్రాయం.

చట్టాలకు లోటు లేదు. ఒడిశా ప్రభుత్వం 2018 అక్టోబరు 2న బరంపురంతో సహా ఆరు నగరాల్లో ప్లాస్టిక్ నిషేధాన్ని మొదలుపెట్టింది. 2022 జులై 1 నుంచి ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ పళ్లేలు, గ్లాసులు, చెంచాలు దేశమంతటా నిషిద్ధమయ్యాయి. వాటి స్థానంలోకి వచ్చిన కాగితపు గ్లాసుకు లోపల పల్చని ప్లాస్టిక్ పూత ఉండటం వల్ల అది తేలికగా మట్టిలో కలవదు.

మన చుట్టూ ఉన్న కొండల్లో అడ్డతీగ విస్తారంగా పెరుగుతుంది. ఒడియావారు దానిని సియాళి అంటారు. గిరిజన స్త్రీలు ఆ ఆకులను కోసి, ఎండబెట్టి, సన్నని పుల్లలతో ఒకదాని అంచు మీదికి మరొకటి వచ్చేలా కుట్టి విస్తళ్లు చేస్తారు. వడ్డనకు ముందు నీళ్లు చిలకరించి తుడిస్తే పెళుసుదనం పోయి ఆకు చక్కగా పరుచుకుంటుంది. కుట్టు దగ్గరగా ఉన్నదైతే పప్పుచారు కూడా నిలుస్తుంది. వానాకాలంలో మాత్రం బూజు పడుతుంది కనుక అవసరానికి మించి కొని దాచరాదు. యంత్రంతో నొక్కిన ఆకుపళ్లేలు కొనేటప్పుడు వెనక్కు తిప్పి చూడాలి, ఎందుకంటే కొన్నింటికి ఆకు అడుగున ప్లాస్టిక్ పొర అంటించి ఉంటుంది. ఆకు అన్న పేరు చూసి దానికి ఎక్కువ ధర పెట్టడం నాకు మింగుడుపడని విషయం.

అసలు అడ్డంకి ధర కాదు, నామోషీ. "విస్తట్లో వడ్డిస్తే వియ్యాలవారి ముందు చులకనైపోమా, బాబూ?" అని మా పక్కింటి పిన్నిగారు అడిగినప్పుడు, ఉపన్యాసాలతో ఆ బెరుకు పోదని నాకు అర్థమైంది. అందుకే పెళ్లిళ్ల జోలికి పోకుండా శ్రీరామనవమి సంతర్పణలో విస్తళ్లు వేయించాము. అక్కడ ఏ ఒక్క ఇంటి పరువూ పణంగా ఉండదు. నలుగురూ బంతిలో కూర్చుని తిన్నాక, అదే పిన్నిగారు మనవడి అన్నప్రాసనకు విస్తళ్లు ఎక్కడ దొరుకుతాయని తామే అడిగారు.

ఎంగిలి విస్తళ్లు, మిగిలిన అన్నం ఒకే బుట్టలోకి వెళ్తాయి కనుక తడిచెత్త వేరుచేయడం కూడా సులువైంది. ఒడిశా పట్టణాల్లో ఇటువంటి చెత్తతో చేసిన ఎరువును 'మొ ఖత' పేరుతో అమ్ముతున్నారు.

ఇక గ్లాసుల సంగతి తేలలేదు. వీధి చందాతో స్టీలు గ్లాసులు కొని, ఎవరింట్లో శుభకార్యమైనా ఇచ్చి పుచ్చుకుందామని అందరూ ఒప్పుకున్నారు గాని, తోమేవారెవరన్న దగ్గర మాట ఆగిపోయింది. ఇంటి ఆడవాళ్ల నెత్తిన పడేయకుండా, తోమే మనిషికి కూలి కట్టి ఆ ఖర్చు చందా పద్దులోనే రాయాలని నేను పట్టుబడుతున్నాను. వినాయక చవితి లెక్కలకు కూర్చున్నప్పుడు ఈ మాట మళ్లీ ఎత్తుతాను.