నడుములో తీసిన నీరు, మెదడు సంగతి

పొద్దున్నే లేస్తే బాగానే నడిచేదాన్ని. మధ్యాహ్నానికి ఎడమ పాదం లోపలికి మెలితిరిగేది. సాయంత్రానికి గోడ పట్టుకోకుండా అడుగు పడేది కాదు. రాత్రి పడుకుని లేస్తే కాలు మళ్లీ మాట వినేది. చిన్నప్పుడు సెరిబ్రల్ పాల్సీ, అంటే పసితనంలోనే మెదడు దెబ్బతిని కదలికలు చెడటం, అన్నారు, పెద్దయ్యాక టెన్షన్ అన్నారు. నన్ను చూసిందంతా పొద్దునపూటే మరి.

సాయంత్రం రమ్మన్న న్యూరాలజిస్ట్ ఒక్కరే. నా నడక చూసి, వెన్నునీరు తీసి, కదలికలకు కావలసిన మెదడు రసాయనం డోపమైన్ సంగతి తేల్చుకుందామన్నారు. తేడా మెదడులో ఉంటే నడుములో సూది ఎందుకని అడిగాను. వాళ్లు చూసేది డోపమైన్‌ను కాదట, అది విరిగాక మిగిలే హోమోవనిలిక్ యాసిడ్‌ను. వెన్నుపాములో డోపమైన్ తక్కువ. కాబట్టి నడుము దగ్గర దొరికే ఆ యాసిడ్ దాదాపు అంతా మెదడు లోపలి నీటి గదుల పక్క నుంచి దిగివచ్చిందే. దారిలో కొంత రక్తంలోకి పోతుంది, అందుకే పైన ఎక్కువ, కింద తక్కువ. మరో మెదడు రసాయనం సెరటోనిన్ అవశేషం అంత సూటిగా చెప్పదు, అందులో వెన్నుపాము వాటా కూడా ఉంటుంది. నార్ఎడ్రినలిన్ అనే ఇంకో రసాయనానిదైతే రక్తం నుంచి కూడా వచ్చి కలుస్తుంది.

పక్కకి తిరిగి, మోకాళ్లు పొట్టకి ఆనించి పడుకున్నాను. నీరు చుక్కలు చుక్కలుగా ట్యూబుల్లో పడుతుంటే నర్సు ఒక్కోదానికి నంబరు వేసి, వెలుతురు తగలకుండా చుట్టి, వెంటనే మంచులా గడ్డకట్టించడానికి పంపింది. నంబరు ఊరికే కాదు. మొదటి చుక్కలు నడుము దగ్గరివి, తర్వాతవి పైనుంచి వచ్చేవి. ఆ యాసిడ్ మోతాదు ట్యూబు ట్యూబుకీ పెరుగుతుంది. కలిపేస్తే లెక్క తప్పుతుంది. ఆ తర్వాత లేచి కూర్చుంటే చాలు, తల బద్దలయ్యేది. పడుకుంటే తగ్గేది. దాని గురించి ముందే గట్టిగా చెప్పి ఉంటే బాగుండేది.

రిపోర్టులో హోమోవనిలిక్ యాసిడ్ తక్కువ, బయోప్టెరిన్, నియోప్టెరిన్ కూడా తక్కువ. అంటే డోపమైన్ తయారీకి కావలసిన సహాయక పదార్థమే శరీరంలో సరిగా తయారవడం లేదు. జన్యు పరీక్షలో, ఆ పదార్థం తయారీకి కావలసిన జీసీహెచ్1 అనే జన్యువులో లోపం బయటపడింది. డోపా రెస్పాన్సివ్ డిస్టోనియా అట, అంటే కండరాలు మెలితిరిగే జబ్బే గానీ లెవోడోపా మందుకి లొంగేది.

చిన్న మోతాదులో లెవోడోపా, కార్బిడోపా కలిసిన మాత్ర మొదలుపెట్టారు. డోపమైన్ నేరుగా మెదడులోకి వెళ్లలేదు, లెవోడోపా వెళ్లి అక్కడ డోపమైన్‌గా మారుతుంది. దారిలోనే అది ఖర్చయిపోకుండా కార్బిడోపా కాపు కాస్తుంది. మొదట్లో వికారం. కొద్ది రోజుల్లోనే చీకటిపడ్డాక కూడా గోడ పట్టుకోకుండా నడిచాను.

మోతాదు సరిపోతోందో లేదో చూడటానికి మళ్లీ సూది వేస్తారేమోనని భయపడ్డాను. అక్కర్లేదన్నారు, నడక చూస్తే తెలుస్తుందట. బిగుసుకున్న పిక్క కండరానికి మాత్రం ఫిజియోథెరపీ ఇంకా నడుస్తోంది.