నేల మీంచి లేచే బలం

బెంగళూరు జయనగరలో ఉంటూ, చాలా ఏళ్ళుగా రోజంతా కుర్చీలో కూర్చునే ఉద్యోగం చేస్తున్న నాకు, నలభై ఎనిమిదో ఏట హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు రక్త చక్కెరను చూపే పరీక్ష) 6.1 శాతం వచ్చింది. 5.7 నుంచి 6.4 వరకు మధుమేహానికి ముందు దశ అని వివరించిన వైద్యురాలు, నేల మీద కూర్చుని చేతి ఆసరా లేకుండా లేవగలరా అని అడిగారు. లేవలేకపోయాను. మా అమ్మ చివరి రోజుల్లో మంచం దిగడానికి కూడా ఒకరి చేయి పట్టుకోవలసి రావడం చూసినవాణ్ణి కనుక, చక్కెర అంకె కన్నా ఆ ప్రశ్నే నన్ను ఎక్కువగా కలవరపెట్టింది.

లాల్‌బాగ్‌లో ఉదయపు నడక నాకు ముందునుంచీ అలవాటే. నడక గుండెకూ చక్కెరకూ మేలు చేస్తుంది గానీ, ముప్పై దాటాక పదేళ్ళకు సుమారు 3 నుంచి 8 శాతం తరిగే కండను నిలుపుకోవడానికి అదొక్కటే చాలదని ఫిజియోథెరపిస్టు చెప్పారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు కూడా వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమతో పాటు, కనీసం రెండు రోజులు కండరాల బలానికి వ్యాయామం చేయాలంటాయి. 65 దాటినవారు పట్టు తప్పకుండా నిలబడే సాధనను కూడా చేర్చుకోవాలంటాయి.

చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవడం, బడిలో శిక్షగా వేయించిన గోడకుర్చీ, వంటింటి గట్టు పట్టుకుని ఒంటికాలిపై నిలబడడం: నా సాధన వీటితోనే మొదలైంది. మోకాళ్ళు నొప్పి పెట్టినప్పుడు ఫిజియోథెరపిస్టు సాధన మాన్పించలేదు. కుర్చీ మీద దిండు వేసి ఎత్తు పెంచి, కొద్ది వారాలకు ఆ దిండు తీయించారు. సాయంత్రాలను ట్రాఫిక్ మింగేస్తుంది కనుక, ఉదయాన్నే చేయడం ఒక్కటే నాకు కుదిరిన పద్ధతి.

తిండి మార్చుకోవడమే అన్నిటికన్నా కష్టమైంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ సూచిస్తుంది; అరవై ఎనిమిది కిలోల నాకు అది సుమారు 56 గ్రాములు. అన్నం ఎక్కువ, పప్పు తక్కువగా ఉండే మా భోజనంలో అంత అందదు. అందుకని అన్నం తగ్గించి పప్పు పెంచాం, పెసరట్టు, గుడ్లు, పెరుగు చేర్చాం. రాగి సంకటిలో కాల్షియం మెండుగా ఉన్నా, అందులోనూ ఎక్కువ భాగం పిండిపదార్థమే కనుక, ఇష్టమైనంత తినవచ్చన్న నమ్మకం సరికాదని నా అభిప్రాయం.

ఇప్పుడు నేల మీంచి చేయి ఆనించకుండా లేస్తున్నాను, చక్కెర కూడా 5.6కు దిగింది. నెలసరి ఆగాక ఎముకల సాంద్రత వేగంగా తగ్గుతుంది కనుక నా భార్య కూడా సాధన మొదలుపెట్టింది. ఇద్దరం ఇప్పుడు చిన్న డంబెల్స్‌తో చేస్తున్నాం.