పో కథ, పదిహేను మాటలు, నాన్న చేతిలో తాపీ

డిగ్రీ దాకా తెలుగు మీడియంలోనే చదివి ఎంఏ ఇంగ్లిష్‌లో చేరాను. మొదటి సెమిస్టర్‌లోనే అమెరికన్ రచయిత ఎడ్గార్ అలన్ పో 1846లో రాసిన 'ది కాస్క్ ఆఫ్ అమాంటిలాడో' ఎదురైంది. చిన్న కథే. అయినా మొదటిరోజు పేజీన్నర దాటలేకపోయాను. తెలియని మాట తగిలినప్పుడల్లా ఆగి నిఘంటువు తిరగేయడం, తిరిగొచ్చేసరికి వాక్యం ఎక్కడ మొదలైందో మర్చిపోవడం, మళ్లీ మొదటికి రావడం. ఏడుపొచ్చినంత పనైంది.

మర్నాడు పద్ధతి మార్చాను. అర్థం జోలికి పోకుండా కథంతా ఒకసారి చూసుకుంటూ వెళ్లి, తెలియని మాటల కింద పెన్సిల్‌తో గీత పెడితే యాభై పైన తేలాయి. అన్నీ నేర్చుకుంటూ కూర్చుంటే కథ మీద ఆశే చచ్చిపోతుంది. ఏవి తెలియకపోతే కథ ముందుకు సాగదో అవే ఏరుకున్నాను, పదిహేను. అమాంటిలాడో అంటే స్పెయిన్‌లో చేసే ఒక రకం షెర్రీ వైన్ అని తెలిస్తే చాలు. కేటకోంబ్స్ అంటే శవాలను ఉంచే నేలమాళిగలు. మోట్లీ అంటే విదూషకుడు వేసుకునే రంగురంగుల బట్టలు, కథలో పగకి బలయ్యే ఫార్చునాటో ఆ బట్టల్లోనే, మువ్వల టోపీ పెట్టుకుని వస్తాడు. ఇంప్యూనిటీకి మాత్రం చాలాసేపు పట్టింది. తప్పు చేసి కూడా శిక్ష పడకుండా బయటపడటం. కథ చెప్పే మాంట్రెసార్‌కి కావలసింది అదే, ఫార్చునాటో మీద పగ తీరాలి, తన మీదికి ఏమీ రాకూడదు.

నైటర్ దగ్గర ఇరుక్కున్నాను. పెట్లుప్పు అట. మందుగుండులో వాడేది నేలమాళిగ గోడల మీదికి ఎలా వచ్చిందో అర్థం కాక నాన్నకి ఫోన్ చేశాను, ఆయన తాపీ మేస్త్రీ. "చెమ్మ గోడకి చౌడు పొంగుద్ది కదమ్మా, తెల్లగా, గోకితే పొడి రాలుద్ది, అట్టాంటిదే అయ్యుంటది" అన్నారు. మా పాత ఇంటి వంటగది గోడ కళ్ల ముందుకొచ్చింది.

ట్రోవెల్ అంటే తాపీ. మేసన్ అంటే మేస్త్రీ అని తెలుసు కానీ, ఫ్రీమేసన్లు అనే రహస్య సంఘం వాళ్లనీ అలాగే అంటారని అప్పుడే తెలిసింది. నువ్వు మేసన్‌వేనా అని ఫార్చునాటో అడిగేది ఆ సంఘం గురించి. మాంట్రెసార్ అవునని, గుర్తుగా అంగీ మడతల్లోంచి తాపీ తీసి చూపిస్తాడు. రెండు అర్థాలూ తెలిసి చదివాను కాబట్టి అక్కడ ఒళ్లు జలదరించింది.

ఆ రాత్రి నాన్నకి కథంతా చెప్పాను. ఫార్చునాటోని నేలమాళిగ గూట్లో గొలుసుతో బంధించి, మాంట్రెసార్ దానికి అడ్డంగా గోడ, మూడడుగుల వెడల్పు, ఆరేడడుగుల ఎత్తు, పదకొండు వరసలు, ఒక్కడే అర్ధరాత్రికల్లా కట్టేశాడని.

"మూడడుగులేగా, రాయీ మాలూ దగ్గరుంటే అయిపోద్ది" అన్నారు. కాసేపాగి, "లోపలోడు బతికే ఉన్నాడా?"

"పిలిస్తే పలకలేదు నాన్నా, మువ్వల చప్పుడు వినిపించిందంతే."

"అది వింటా చివరి రాయి పెట్టడానికి చెయ్యెట్టా ఆడిందమ్మా వాడికి" అన్నారు నాన్న.