సూర్యలంకకి పొద్దున్నే వద్దు బావా

మా ఇంట్లో బీచ్ అంటే చీకటితో లేచి, పులిహోర కట్టుకుని, ఎండెక్కకముందే తిరిగొచ్చేయడం. బాపట్ల దగ్గర సూర్యలంక బీచ్‌లో విండ్‌సర్ఫింగ్‌కి, అంటే తెరచాప బిగించిన బోర్డు మీద నిలబడి గాలితో నీళ్లపై సాగే ఆటకి, ఆ లెక్క కుదరదని గుంటూరులో ఉన్న మా బావకి వారం నుంచి చెబుతున్నాను. ఫోన్‌లో చెబితే ఎక్కడం లేదు, అందుకే ఇక్కడ రాస్తున్నా.

పొద్దున పూట అక్కడ గాలి చాలాసార్లు నేల మీంచి సముద్రం వైపు వీస్తుంది. ఒడ్డు దగ్గర నీళ్లు చెరువులా కనిపిస్తాయి, కొత్తవాళ్లకి ఇదే మంచిదనిపిస్తుంది. పోయినేడు నేనూ అలాగే అనుకుని దిగాను. పది నిమిషాల్లో ఒడ్డున మనుషులు చీమలంత అయిపోయారు, బోర్డు వెనక్కి తిప్పబోతే తెరచాప నీళ్లలో పడింది, దాన్ని లేపేలోపు ఇంకాస్త లోపలికి కొట్టుకుపోయాను, చేతులు వణికిపోతున్నాయి. వేట నుంచి తిరిగొస్తున్న పడవవాళ్లు తాడు విసిరి లాక్కొచ్చారు. "పడమటి గాలికి లోపలికెళ్తే రాలేవు బాబూ, గాలి తిరిగాక రా" అన్నాడు అందులో పెద్దాయన.

ఆ తిరిగే గాలే మనకి కావాలి. ఎండకి నేల సముద్రం కంటే త్వరగా కాగుతుంది, దానిమీది గాలి పైకి లేస్తుంది, ఆ చోటులోకి సముద్రం మీది చల్లగాలి వస్తుంది. సూర్యలంక తీరం ఆగ్నేయానికి తిరిగి ఉంటుంది కాబట్టి, మార్చిలో మధ్యాహ్నం వచ్చే దక్షిణపు గాలి సముద్రం వైపు తిరిగి నిలబడితే కుడిభుజం మీదుగా ఏటవాలుగా తగులుతుంది, అలసిపోయినా మనల్ని ఒడ్డుకే తోస్తుంది. మనకి గాలి వేగం 10 నుంచి 15 నాట్లు ఉంటే చాలు, అంటే గంటకి 18 నుంచి 28 కిలోమీటర్లు. దూరంగా అలల మీద అక్కడక్కడా తెల్ల నురగ కనిపించడం మొదలైందంటే అంత గాలి ఉన్నట్టే.

అసలు కష్టం అలల్లోంచి బయటపడటం. బోర్డు ముక్కు అలకి ఎదురుగా ఉండాలి, ఒక చెయ్యి మాస్ట్ (తెరచాపని నిలబెట్టే కర్ర) మీద, ఇంకోటి బోర్డు తోక మీద. బోర్డుకీ ఒడ్డుకీ మధ్య మాత్రం నిలబడొద్దు బావా, అల దాన్ని ఎత్తి మోకాళ్ల మీదకి కొడుతుంది. నడుం లోతులో ఆగి పెద్ద అలలు పోయేదాకా చూడు, కాస్త నెమ్మదించగానే ఎక్కెయ్. తెరచాప నీళ్లలో పడి అల దానిమీద విరిగితే మాస్ట్ ఇసుకలో గుచ్చుకుని విరిగిపోతుంది, అది ఇక్కడ దొరికే వస్తువు కాదు.

ఆదివారం జనం ఎక్కువ, శనివారం పెట్టుకుందాం. స్నానాలు చేసేవాళ్లకి బాగా దూరంగా దిగాలి. ముందురోజు రాత్రి ఇన్‌కాయిస్ (సముద్ర సమాచారం ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ) వాళ్ల అలల హెచ్చరిక చూస్తాను, ఎత్తైన అలలని ఉంటే ప్రయాణం మానేద్దాం, అప్పుడు అక్కయ్య ఏమన్నా నేను చెప్పుకుంటాను. లేదంటే విజయవాడలో తొమ్మిదికి బయల్దేరి నిన్ను గుంటూరులో ఎక్కించుకుంటా, పొన్నూరు మీదుగా బాపట్ల వెళ్లి అక్కడే భోంచేద్దాం. లైఫ్ జాకెట్లు రెండూ నా దగ్గరున్నాయి. కారు పైన బోర్డు కట్టడానికి గట్టి తాళ్లు మాత్రం నువ్వు తీసుకురా, పోయినసారివి ఉప్పునీళ్లకి పీచులు లేచిపోయాయి.