ఎడమ పావుకోడు

2023 ఆగస్టులో ఒక పొద్దున మగ్గం మీద కూర్చుని ఎడమ పావుకోడు, అంటే మగ్గం కింద కాలితో నొక్కే చెక్క, తొక్కితే అది పూర్తిగా దిగలేదు. పడుగు, అంటే మగ్గం మీద నిలువుగా పరిచిన పోగులు, సగమే విచ్చుకుంది. అడ్డపోగును మోసుకుపోయే నాడె ఆ పోగులకు తగిలి మధ్యలోనే ఆగిపోయింది. తాడేదో వదులైందనుకుని మగ్గం కింది గుంటలోకి వంగి చూశాను. ముడులన్నీ గట్టిగానే ఉన్నాయి. మళ్ళీ తొక్కాను, మళ్ళీ సగమే. మగ్గం బాగానే ఉంది, నా పాదంలోనే బలం లేదు.

మాది చండూరు దగ్గర ఊరు. పద్మశాలీలం. ఇరవై రెండేళ్ళుగా గుంట మగ్గం మీద పట్టు చీరలు నేస్తున్నాను. నడుం నొప్పి అంతకు నెల ముందు నుంచే ఉంది. మగ్గం మీద కూర్చునేవాళ్ళలో నడుం నొప్పి లేనివాళ్ళు ఎవరుంటారని పట్టించుకోలేదు. రాత్రి బామ్ రాయించుకుని పడుకునేవాణ్ణి. తర్వాత అది పిర్రలోకి దిగింది. అక్కడి నుంచి తొడ వెనక, పిక్క, మడమ, చివరికి చిటికెన వేలి దాకా కరెంటు పాకినట్టు గుంజేది. కాలు గుంజడం మొదలయ్యాక నడుంలో నొప్పి తగ్గింది. తగ్గిందని సంతోషపడ్డాను కూడా. నొప్పి నడుం వదిలి కిందికి పాకితే నరం ఇంకా ఎక్కువ నలుగుతున్నట్టని తర్వాత డాక్టర్ చెప్పారు.

మా ఇంట్లో భయం వేరే ఉంది. "నీకు గూడ ఫ్లోరైడే పట్టినట్టుంది బిడ్డా" అని అమ్మ మొదటి రోజే అన్నది. మర్రిగూడ, చండూరు, మునుగోడు వైపు పుట్టినవాళ్ళకు ఆ మాట వింటే కాళ్ళు చల్లబడతాయి. మా పెద్దనాయిన ముప్పై ఏళ్ళు బోరు నీళ్ళు తాగాడు. లీటరు నీటిలో ఫ్లోరైడ్ ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదంటారు. మా దిక్కు బోర్లలో అంతకు ఎన్నో రెట్లు ఉండేది. అది ఏళ్ళ తరబడి ఎముకల్లో పేరుకుంటుంది. ఎముకలను కట్టి ఉంచే మెత్తని పట్టీలు కూడా సున్నం పట్టి గట్టిపడతాయి. పూసకూ పూసకూ మధ్య కదలిక పోయి వెన్నంతా ఒకే కర్రలా అవుతుంది. పక్కన కూర్చున్న మనిషిని చూడాలంటే పెద్దనాయిన మెడ తిరగక ఒళ్ళంతా తిప్పేవాడు. చివరి సంవత్సరాల్లో వెల్లకిలా పడుకోలేక గోడకు ఆనుకునే నిద్రపోయేవాడు. పటిక, సున్నం కలిపి నీళ్ళలో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి ప్రపంచమంతా నల్లగొండ పేరే పెట్టుకున్నారు. నా జిల్లా పేరు అలా పుస్తకాలకెక్కడం తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. మిషన్ భగీరథ నల్లాతో కృష్ణా నీళ్ళు వచ్చాక మా పిల్లలు బోరు నీళ్ళు తాగడం లేదు. నేను మాత్రం చిన్నప్పుడంతా తాగినవాణ్ణే.

ఫ్లోరోసిస్ ఉందో లేదో చూడడానికి మూడు పరీక్షలని బడిలో ఒకప్పుడు చెప్పారు. మోకాళ్ళు వంచకుండా కాలి వేళ్ళు ముట్టుకోవాలి. గడ్డం ఛాతీకి ఆనాలి. చేతులు చాపి మడిచి తల వెనక పెట్టుకోవాలి. ఆ రాత్రి అందరూ పడుకున్నాక వాకిట్లో నిలబడి ఒక్కణ్ణే చేసుకున్నాను. గడ్డం ఆనింది. చేతులు తల వెనక్కి పోయాయి. ముందుకు వంగబోతే మాత్రం మోకాళ్ళ దాకా కూడా పోలేదు, కాలు మంట మండింది. గోడ పట్టుకుని అక్కడే కూలబడ్డాను. ఇద్దరు పిల్లలు, మగ్గం మీద సగం నేసిన చీర, అడ్వాన్సు తీసుకున్న డబ్బు, అన్నీ ఒక్కసారే కళ్ళ ముందు తిరిగాయి.

ఊళ్ళో పది రోజులు సూదులు వేయించుకున్నాను. తర్వాత హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఎంఆర్ఐ తీసి, రెండు రోజుల్లో ఆపరేషన్ చేయకపోతే కాలు పడిపోతుందన్నారు. నన్ను మంచం మీద పడుకోబెట్టి చూసింది లేదు, కాలు ముట్టుకున్నది లేదు, ఫిల్మ్ చూసి చెప్పారు. ఆ టెన్షన్‌కు బస్సులో వస్తూ చౌటుప్పల్ దాకా ఒక్క మాట మాట్లాడలేదు.

మా బామ్మర్ది పట్టుబట్టి నల్లగొండలో ఒక ఎముకల డాక్టర్ దగ్గరికి తీసుకుపోయాడు. ఆయన మొదట అడిగింది నడుం గురించి కాదు. "మూత్రం వచ్చేది తెలుస్తోందా? ఆపుకోగలుగుతున్నారా? కూర్చునే చోట మొద్దుబారిందా?" అని అడిగారు. వీటిలో ఏ ఒక్కటి తేడా ఉన్నా ఆ రాత్రికే ఆపరేషన్ అని చెప్పారు. నాకు అవేవీ లేవు. తర్వాత వెల్లకిలా పడుకోబెట్టి కాలు నిటారుగా పైకెత్తారు. మంచానికి జానెడు లేచేసరికి అరిచాను. చీలమండ వెనక సుత్తితో కొడితే కుడి పాదం టక్కున కదిలింది, ఎడమది కదలలేదు. మడమల మీద నడిచాను. మునివేళ్ళ మీద నడవమంటే ఎడమ మడమ నేల వదల్లేదు. పావుకోడు ఎందుకు దిగలేదో ఆ క్షణంలో నాకు తెలిసింది. పాదాన్ని కిందికి నొక్కే పిక్క కండరానికి బలమిచ్చే నరమే నలిగింది.

ఫ్లోరైడ్ సంగతి అడిగితే ఆయన నవ్వలేదు, కొట్టిపారేయలేదు. ముంజేతికి ఎక్స్‌రే తీయించారు. ముంజేతిలో రెండు ఎముకల మధ్య పలచని పొర ఒకటి ఉంటుందట. మామూలుగా ఎక్స్‌రేలో అది కనిపించదు, ఫ్లోరైడ్ పట్టినవాళ్ళలో సున్నం చేరి తెల్లగా తేలుతుంది. నా ఫిల్మ్‌లో రెండు ఎముకల మధ్య నల్లగా, ఖాళీగా ఉంది. ఆ నల్లని సందును చాలాసేపు చూశాను. అప్పటిదాకా గుండెల మీదున్న బండ దిగింది.

ఆయన బల్ల మీద ప్లాస్టిక్ వెన్నెముక ఉంది. పుట్టినప్పుడు 33 పూసలని, పెద్దయ్యేసరికి కిందివి అతుక్కుని 26 ఎముకలవుతాయని చెప్పారు. మెడలో 7, వీపులో 12, నడుంలో 5, ఆ కింద అతుక్కున్న త్రికం, తోక ఎముక. వెన్నుపాము అంత దూరం రాదట. నడుం మొదటి రెండు పూసల దగ్గరే ఆగిపోయి, అక్కడి నుంచి పోగుల కట్టలా విడివిడి నరాలై దిగుతుంది. నాది నడుం చివరి పూసకూ త్రికానికీ మధ్య ఉన్న డిస్క్. ఒళ్ళంతటి బరువూ వచ్చి ఆనే చోటు అదే.

డిస్క్ ఎలా ఉంటుందో ఆయన చెబుతుంటే నేను వింటున్నది వైద్యంలా అనిపించలేదు, నేత పని విన్నట్టే ఉంది. నడుమ జిగురు లాంటి మెత్తని గుజ్జు. దాని చుట్టూ ఉల్లిపొరల్లా పదిహేను, ఇరవై పొరల నార. ఒక పొరలో పోగులన్నీ ఒక వాలుగా పోతే, దాని మీది పొరలో ఎదురు వాలుగా పోతాయి. ఎటు మెలి తిరిగినా కొన్ని పోగులు బిగుసుకుని పట్టుకోవాలని ఆ ఏర్పాటు. వెనక వైపు మాత్రం ఆ నేత కాస్త పలచన. మనం ముందుకు వంగినప్పుడు లోపలి గుజ్జు వెనక్కి నెట్టుకుంటుంది. ఇరవై రెండేళ్ళు నేను చేసిందదే. గుంటలో కాళ్ళు పెట్టి, నడుం గుండ్రంగా వంచి, రోజుకు పది గంటలు అదే పలచని చోటు మీద ఒత్తిడి పెట్టాను. ఒక్కో పోగే తెగుతూ వచ్చి చివరికి గుజ్జు బయటికి జారి పక్కనున్న నరం వేరును నొక్కింది.

ఆపరేషన్ అక్కర్లేదని ఆయన ఒట్టు పెట్టలేదు. బలం ఇంకా తగ్గితే వెంటనే చేయాలని, వారం వారం వచ్చి చూపించుకోవాలని అన్నారు. జారిన ముక్కను చాలామందిలో ఒళ్ళే మెల్లగా కరిగించుకుంటుందని చెప్పారు. ఆ మాట నమ్మడానికి నాకు రెండు వారాలు పట్టింది.

మొదటి వారాలు మందులు, కొద్ది కొద్దిగా నడక. మంచం మీదే ఉండిపోవద్దని గట్టిగా చెప్పారు. ఆ తర్వాత ఫిజియోథెరపీ. నేర్పిన అమ్మాయి మా చెల్లెలి వయసుది, "అన్నా" అని పిలిచేది. బోర్లా పడుకోబెట్టి వెన్ను పక్కన రెండు వేళ్ళు ఆనించి ఎడమ కాలు కొంచెం లేపమంది. కుడి పక్కన వేళ్ళ కింద కండరం ఉబ్బింది. ఎడమ పక్కన ఉలుకూ పలుకూ లేదు. నా వేళ్ళే అక్కడ పెట్టించి చూపించింది. మెత్తగా, తడి పిండి ముట్టుకున్నట్టుంది. దాని పేరు మల్టిఫిడస్ అట. వీపు మీద పైకి కనిపించే పొడుగు కండరాలు మనిషిని నిటారుగా లేపుతాయి. ఇది వాటి కింద దాగి, పూస నుంచి రెండు మూడు పూసలు దాటి ఇంకో పూసకు చిన్న చిన్న కట్టలుగా పట్టుకుని, ఏ పూసా జారకుండా చూస్తుంది. నడుం నొప్పి వచ్చినప్పుడు ఆ పక్క ఇది నీరసించిపోతుంది. నొప్పి పోయినా దానంతటది తిరిగి బలం పుంజుకోదు, పని చెప్పి లేపాలి.

లేపడానికి ఆమె చెప్పింది చూస్తే ఇంతేనా అనిపించింది. చేతులూ మోకాళ్ళూ నేలకు ఆనించి, కుడి చెయ్యి ముందుకూ ఎడమ కాలు వెనక్కీ చాపి పది అంకెలు లెక్కపెట్టాలి. తర్వాత మార్చాలి. నడుం మీద స్టీల్ గ్లాసులో నీళ్ళు పెట్టింది. మొదటి రోజు మూడు లెక్కపెట్టేలోపే గ్లాసు ఎడమ వైపు ఒరిగి నీళ్ళు నా పక్క మీదుగా కారాయి. "ఊపిరి బిగపట్టకండి అన్నా, బొడ్డు కాస్త లోపలికి తీసుకోండి" అంది. పొట్ట చుట్టూ నడికట్టులా తిరిగే లోపలి కండరం ఒకటుంది, అది బిగిస్తేనే వెనక వెన్ను నిలబడుతుంది. పంతొమ్మిదో రోజున గ్లాసు ఒరగలేదు. మా చిన్నోడు పక్కన కూర్చుని పది దాకా లెక్కపెట్టి చప్పట్లు కొట్టాడు.

అయితే అంతా ఒకే తీరుగా తగ్గలేదు. దసరా ముందు రెండు రోజులు బాగుందని నాలుగు గంటలు ఏకబిగిన నేసి, మూడు రోజులు మంచం ఎక్కాను. ఆరు వారాలకు కాలు గుంజుడు సగమైంది. నెలలు గడిచినా పాదం అంచు మొద్దుబారి ఉండేది.

మగ్గం మార్చలేను కాబట్టి నా కూర్చునే తీరు మార్చుకున్నాను. పీట మీద బొంత మడిచి వేసి ఎత్తు చేశాను, తుంటి మోకాళ్ళ కంటే పైన ఉంటే నడుం అంతగా గుండ్రబడదు. పోగు చుట్టిన కండెల బుట్టను చేతికందే చోటు నుంచి తీసి అవతలి గోడ దగ్గర పెట్టాను, నాలుగు కండెలకోసారి లేచి నడవక తప్పదు. తెల్లారి లేవగానే మగ్గం ఎక్కడం మానేశాను. రాత్రి పడుకున్నప్పుడు డిస్కులు నీళ్ళు పీల్చుకుని ఉబ్బి ఉంటాయి, పొద్దున మనిషి సాయంత్రం కంటే కాస్త పొడుగు కూడా ఉంటాడు. ఆ ఉబ్బు మీద వంగితే ఒత్తిడి ఎక్కువ. ఒక గంట తిరిగి, పాలు తెచ్చి, అప్పుడు కూర్చుంటాను.

అమ్మకు భుజాల మధ్య నొప్పి ఉంది. ముప్పై ఏళ్ళు ఆసు పోసింది, అంటే నేతకు ముందు చీర పోగును చేత్తో మేకుల చుట్టూ తిప్పింది. ఒక చీరకు చెయ్యి తొమ్మిది వేల సార్లు అటూ ఇటూ ఆడాలి. తన తల్లి ఆ నొప్పి పడుతుంటే చూడలేకే చింతకింది మల్లేశం ఆసు యంత్రం చేశాడు, 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. మా ఇంటికి ఆ యంత్రం వచ్చేసరికి అమ్మ భుజం అరిగిపోయింది. ఇన్నేళ్ళూ అమ్మ నొప్పి అంటే వయసు అనుకున్నాను. ఇప్పుడు రాత్రి అన్నాలయ్యాక అమ్మను గోడకు ఆనించి నిలబెట్టి, చేతులు మెల్లగా పైకి జరిపిస్తున్నాను. "సాలు బిడ్డా, గుంజుతుంది" అంటుంది, మళ్ళీ తనే ఇంకోసారి లేపుతుంది.

వాకిట్లో గుంజ పట్టుకుని రోజూ ఒంటి కాలి మీద మడమ లేపుతాను. కుడి కాలు ఇరవై ఐదు సార్లు లేస్తుంది. ఎడమ కాలు డిసెంబరులో రెండు సార్లు లేచింది, ఉగాదికి పదకొండు. నిన్న పద్దెనిమిది దగ్గర ఆగింది.